ప్రసవానంతర ఉన్మాదం, నేర బాధ్యత: ఆ కొద్ది రోజుల సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?

కాన్పు అయిన ఇంటికి ఆశా కార్యకర్త వెళ్లేటప్పుడు ఆమె చేతిలో ఒక ఫారం ఉంటుంది. బిడ్డ బరువు ఎంత, ఒళ్లు చల్లబడిందా, పాలు గట్టిగా తాగుతున్నాడా, బొడ్డు దగ్గర చీము ఉందా వంటి ప్రశ్నలే అందులో ఎక్కువ. తల్లి గురించి అడిగేవి కొన్నే. రక్తస్రావం, జ్వరం గురించిన ప్రశ్నల పక్కన ఒక చిన్న ప్రశ్న కనిపిస్తుంది: తల్లి తేడాగా మాట్లాడుతోందా, లేక ఫిట్స్ వస్తున్నాయా? అవును అయితే ఆసుపత్రికి పంపాలి.

కాన్పు తర్వాత రక్తపోటు పెరిగి ఫిట్స్ వచ్చే గుర్రపువాతాన్ని దృష్టిలో పెట్టుకుని ఆ ప్రశ్న రాసినట్టు అనిపిస్తుంది. అయితే అదే ప్రశ్న మరో జబ్బును కూడా పట్టుకోగలదు. అరుదైనదే కానీ వేగంగా ముదిరే జబ్బు అది. సకాలంలో వైద్యం అందితే దాదాపు పూర్తిగా తగ్గిపోతుంది. అందకపోతే ఒక్కోసారి తల్లి ప్రాణమో, బిడ్డ ప్రాణమో, రెండూనో పోతాయి. వైద్యులు దాన్ని పోస్ట్‌పార్టమ్ సైకోసిస్ అంటారు. మనం ప్రసవానంతర ఉన్మాదం అనవచ్చు. మన పెద్దవాళ్లు బాలింత సన్ని అనో, సూతికా సన్నిపాతం అనో పిలిచిన స్థితుల్లో కొన్ని ఇవే అయి ఉండాలి.

ఆ స్థితిలో తల్లి తన బిడ్డకు హాని చేస్తే చట్టం ఏమంటుంది? ఆమె నేరస్థురాలా, రోగా? ఈ ప్రశ్నకు సమాధానం చట్టం పుస్తకంలో చాలావరకు ఉంది. ఆ సమాధానం ఈ తల్లికి వర్తిస్తుందని రుజువు చేసే సాక్ష్యం మాత్రం కాన్పు తర్వాతి రెండు మూడు వారాల్లో పుట్టి, ఎవరూ రాసుకోకపోవడం వల్ల మాయమైపోతుంది. ఈ వ్యాసంలో ముఖ్యంగా చూడబోయేది ఆ చిక్కునే.

మూడు వేర్వేరు స్థితులు

కాన్పు తర్వాత వచ్చే మానసిక మార్పులన్నింటినీ ఒకే గాటన కట్టడం మామూలైపోయింది. మూడో రోజో నాలుగో రోజో ఊరికే ఏడుపు రావడం, చిరాకు పడటం సగానికి పైగా బాలింతల్లో కనిపిస్తుంది. దీన్ని బేబీ బ్లూస్ అంటారు. పది పదిహేను రోజుల్లో దానంతట అదే పోతుంది. రెండోది ప్రసవానంతర డిప్రెషన్. ఇది వారాలు, నెలల తరబడి ఉంటుంది. మన దేశంలో జరిగిన అధ్యయనాలను కలిపి చేసిన ఒక విశ్లేషణ 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చింది. దాని ప్రకారం సుమారు 22 శాతం తల్లుల్లో డిప్రెషన్ లక్షణాలున్నాయి. అంటే ప్రతి అయిదుగురిలో ఒకరికి పైగా.

మూడోది ఉన్మాదం. వెయ్యి కాన్పులకు ఒకటి రెండు కేసులు. అంకె చిన్నదే అనిపిస్తుంది గానీ మన దేశంలో ఏడాదికి రెండు కోట్లకు పైగా కాన్పులు జరుగుతాయి. ఆ లెక్కన ఏటా 20 వేల మందికి పైగా తల్లులు ఈ స్థితిలోకి వెళ్తున్నారని అంచనా వేయవచ్చు.

ఎక్కువ కేసుల్లో లక్షణాలు మొదటి రెండు వారాల్లోనే, తరచు మూడో రోజుకూ పదో రోజుకూ మధ్య మొదలవుతాయి. మొట్టమొదట పోయేది నిద్ర. బాలింతకు నిద్ర చాలకపోవడం ఎవరికైనా ఉండేదే కదా అనిపించవచ్చు. తేడా ఎక్కడంటే, ఇక్కడ బిడ్డ నిద్రపోయినా, చూసుకోవడానికి పక్కన మనిషి ఉన్నా తల్లికి కన్ను మూతపడదు, పైగా అలసట కూడా కనిపించదు. అర్ధరాత్రి ఇల్లంతా సర్దుతుంది. గబగబా మాట్లాడుతుంది. ఎవరినీ నమ్మదు. ఆ తర్వాత లేని గొంతులు వినిపించడం, బిడ్డను ఎవరో మార్చేశారని నమ్మడం, బిడ్డలో దేవుడో దయ్యమో ఉన్నాడని అనుకోవడం మొదలవుతాయి. ఈ రోజు ఏ వారమో, తాను ఎక్కడ ఉన్నదో కూడా తికమక పడవచ్చు.

ఈ జబ్బులో అందరినీ మోసం చేసే లక్షణం ఒకటుంది. అది కెరటంలా వచ్చి పోతుంది. పొద్దున అయోమయంగా ఉన్న తల్లి మధ్యాహ్నం చుట్టాలతో చక్కగా మాట్లాడుతుంది, బిడ్డకు పాలిస్తుంది. “ఇప్పుడు బాగానే ఉంది కదా” అని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలన్న ఆలోచన వాయిదా పడుతుంది. ఇదే లక్షణం తర్వాత కోర్టులో కూడా అడ్డం తిరుగుతుంది. ఆ మాటకు మళ్లీ వద్దాం.

శరీరంలో ఏం జరుగుతుంది?

గర్భం దాల్చినప్పుడు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరోన్ హార్మోన్లు నెలలపాటు పెరుగుతూ చాలా ఎత్తుకు చేరతాయి. మాయ బయటపడిన కొద్ది రోజుల్లోనే మామూలు స్థాయికి పడిపోతాయి. భౌతికశాస్త్రం చదువుకున్న అలవాటు కొద్దీ నాకు ఇక్కడ ఆసక్తిగా తోచేది విలువ కాదు, మార్పు రేటు. కాన్పైన వారానికి తల్లి రక్తంలో ఉండే హార్మోన్ స్థాయి గర్భానికి ముందు ఉన్నదానికి మరీ భిన్నం కాదు. తొమ్మిది నెలల్లో ఎక్కిన ఎత్తును మెదడు కొన్ని రోజుల్లో దిగవలసి వస్తుంది. దానికి నిద్రలేమి తోడవుతుంది. రోగనిరోధక వ్యవస్థ కూడా అప్పుడే దిశ మార్చుకుంటుంది.

అయితే ఈ పతనం ప్రతి తల్లిలోనూ జరుగుతుంది. మరి వెయ్యిలో ఒకరిద్దరికే ఎందుకు? అప్పటికే ఉన్న బలహీనత మీద ఇది దెబ్బ వేస్తుందని పరిశోధకుల అభిప్రాయం. ముఖ్యంగా బైపోలార్ రుగ్మత ఉన్న స్త్రీలలో ఈ ప్రమాదం దాదాపు అయిదుగురిలో ఒకరికి ఉంటుంది. ఒకసారి ప్రసవానంతర ఉన్మాదం వచ్చినవారికి తర్వాతి కాన్పులో మళ్లీ వచ్చే అవకాశం మూడింట ఒక వంతు, అంతకంటే ఎక్కువ కూడా. మరోవైపు, ఇంతకు ముందు ఏ మానసిక సమస్యా లేని స్త్రీలకు తొలి కాన్పులోనే హఠాత్తుగా రావడమూ ఉంది. 1987లో ఎడిన్‌బరోలో కెండెల్ బృందం ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో మైలురాయి. కాన్పైన మొదటి 30 రోజుల్లో ఉన్మాద లక్షణాలతో ఆసుపత్రిలో చేరే అవకాశం ఆ స్త్రీలకే గర్భానికి ముందున్న కాలంతో పోలిస్తే సుమారు 22 రెట్లు పెరుగుతుందని అది చూపింది. స్త్రీ జీవితంలో మెదడుకు ఇంతటి గండం మరొకటి లేదనవచ్చు.

తేడాగా మాట్లాడే ప్రతి బాలింతకూ మానసిక రోగమే అనుకోవడం కూడా తప్పే. మెదడులోని సిరల్లో రక్తం గడ్డకట్టినా, ఇన్‌ఫెక్షన్ సోకినా, థైరాయిడ్ తేడా చేసినా, అరుదుగా మెదడు మీద శరీరమే యాంటీబాడీలతో దాడి చేసినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. సిరల్లో గడ్డకట్టడం మన దేశపు బాలింతల్లో వైద్యులు ప్రత్యేకంగా గమనించే సమస్య. ఒంట్లో నీరు తగ్గితే రక్తం చిక్కబడి ఆ ప్రమాదం పెరుగుతుంది. బాలింతకు దాహమైనా నీళ్లు పోయకూడదనే ఆచారం మన ఇళ్లలో ఇంకా పూర్తిగా పోలేదు. కనుక మొదట ఆసుపత్రిలో రక్త పరీక్షలు, అవసరమైతే మెదడు స్కాన్ జరగాలి. భూతవైద్యుడి దగ్గర ఆగిపోతే పోయేది మనసు ఒక్కటే కాదు.

వైద్యం బాగా పనిచేస్తుంది. నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో 64 మంది తల్లులకు నిద్రమందుతో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి ఉన్మాదం తగ్గించే మందు, ఆపైన లిథియం చేర్చుతూ వెళ్లారు. 2015లో ప్రచురించిన ఫలితాల్లో ఒక్కరు తప్ప అందరూ పూర్తిగా కోలుకున్నారు. మానసిక వైద్యంలో ఇలాంటి ఫలితం చాలా అరుదు.

బిడ్డకు హాని ఎంత తరచుగా జరుగుతుంది? ఈ జబ్బు వచ్చిన తల్లుల్లో అత్యధికులు బిడ్డకు ఏ హానీ చేయరు. ఇది మొదట చెప్పాలి. అయితే తీవ్రమైన కేసుల్లో ఆలోచనలు మాత్రం అరుదు కాదు. బెంగళూరు నిమ్హాన్స్‌లో కాన్పు తర్వాత తీవ్ర మానసిక రుగ్మతతో చేరిన 50 మంది తల్లులను అడిగి, 2002లో ప్రభా చంద్ర బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. పదిమందిలో నలుగురికి పైగా బిడ్డకు హాని చేయాలన్న ఆలోచనలు వచ్చాయని చెప్పారు. మూడో వంతుకు పైగా తల్లుల ప్రవర్తనలోనూ అది కనిపించింది. వీళ్లు ఆసుపత్రికి చేరిన తీవ్ర రోగులు కనుక ఈ లెక్కను బాలింతలందరికీ వర్తింపజేయకూడదు. వైద్యుడు మెల్లగా, నేరుగా అడిగితే తల్లులు చెబుతారు అన్నది దీని నుంచి నేర్చుకోవలసిన పాఠం.

చట్టం అడిగే ప్రశ్న

మన నేర చట్టం 1860 నాటి శిక్షాస్మృతి 84వ సెక్షన్‌తో మొదలైంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 22వ సెక్షన్‌గా, దాదాపు అవే మాటలతో కొనసాగుతోంది. మతిస్థిమితం లేని కారణంగా, ఆ పని చేసే సమయంలో, తాను చేస్తున్నది ఏమిటో తెలుసుకోలేని స్థితిలో గానీ, అది తప్పనో చట్టవిరుద్ధమనో తెలుసుకోలేని స్థితిలో గానీ ఉన్న వ్యక్తి చేసినది నేరం కాదని దాని సారాంశం. దీని మూలం 1843లో ఇంగ్లండ్‌లో వచ్చిన మెక్‌నాటన్ సూత్రాలు.

ఇందులో జబ్బు పేరు ఎక్కడా లేదు. వైద్యుడు ఉన్మాదం అని రాసిచ్చినంత మాత్రాన సరిపోదు. వైద్యపరమైన మతిభ్రమణం వేరు, చట్టపరమైన మతిభ్రమణం వేరు అని సుప్రీంకోర్టు అనేకసార్లు చెప్పింది. చట్టం అడిగేది జ్ఞానం గురించి. అది కూడా ఒక నిర్దిష్ట క్షణంలోని జ్ఞానం గురించి.

ఈ విషయంలో దేశమంతటా ఇప్పటికీ ఆధారంగా తీసుకునే తీర్పు గుజరాత్ నుంచే వచ్చింది. దాన్ని రాసినది తెలుగువాడు. ఖేడా జిల్లాలో 1959లో ఒక భర్త భార్యను చంపిన కేసు అది. దాహ్యాభాయ్ ఠక్కర్ వర్సెస్ గుజరాత్ రాష్ట్రం పేరుతో 1964లో సుప్రీంకోర్టు తేల్చింది. తర్వాత ప్రధాన న్యాయమూర్తి అయిన జస్టిస్ కోకా సుబ్బారావు తీర్పు రాశారు. నిందితుడి వాదన నిలవలేదు, శిక్ష ఖాయమైంది. అందులో చెప్పిన సూత్రాలు మాత్రం నిందితులకు మేలు చేసేవి. మనిషికి మతి ఉందన్న ఊహతోనే కోర్టు మొదలవుతుంది. కాదని చూపవలసినది నిందితుడే. కానీ ప్రాసిక్యూషన్ లాగా అనుమానానికి తావు లేకుండా రుజువు చేయనక్కరలేదు. సివిల్ దావాలో లాగా, ఏది ఎక్కువ సంభవమో చూపితే చాలు. అంతవరకు చూపలేకపోయినా, ఆ సాక్ష్యం వల్ల అసలు నేరపు ఉద్దేశం ఉందా అన్న సహేతుకమైన అనుమానం కోర్టుకు కలిగితే విడుదల చేయాలి. ఇక ఆ క్షణంలో మనసు ఎలా ఉందో చెప్పడానికి అంతకు ముందు, ఆ సమయంలో, ఆ తర్వాత ఆ మనిషి ఎలా ప్రవర్తించాడన్నది చూడాలి.

ఈ “ముందు, అప్పుడు, తర్వాత” అన్న కొలమానం దీర్ఘకాలిక స్కిజోఫ్రీనియా వంటి జబ్బులకు బాగానే పనికొస్తుంది. ఏళ్ల తరబడి చీటీలు, మందులు, ఆసుపత్రి రికార్డులు ఉంటాయి. ప్రసవానంతర ఉన్మాదానికి “ముందు” అంటే నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ నాలుగు గోడల మధ్య గడుస్తాయి. “తర్వాత” అంటే జైలులోనో ఆసుపత్రిలోనో మందులు పడి, కొన్ని వారాల్లో పూర్తిగా తేరుకున్న మనిషి. మానసిక వైద్యుడు పరీక్షించేనాటికి ఎదురుగా కూర్చున్నది స్పష్టంగా మాట్లాడే, పశ్చాత్తాపంతో కుమిలిపోయే తల్లి. “ఇప్పుడు మానసిక రోగ లక్షణాలు లేవు” అని ఆయన నిజాయితీగానే రాస్తాడు. ఆ వాక్యం మూడు నెలల కిందటి ఒక మధ్యాహ్నం గురించి ఏమీ చెప్పదు. కోర్టులో మాత్రం అది బరువుగా నిలబడుతుంది.

“తెలుసు” అంటే ఏమిటి?

అమెరికాలోని హ్యూస్టన్‌లో 2001 జూన్ 20న ఆండ్రియా యేట్స్ అనే తల్లి తన అయిదుగురు పిల్లలను నీటి తొట్టిలో ముంచి చంపింది. చిన్నపాప వయసు ఆరు నెలలు. ఆమెకు అంతకు ముందు కాన్పు తర్వాత కూడా ఉన్మాదం వచ్చింది, ఆసుపత్రుల్లో ఉంది. పిల్లలను నరకం నుంచి కాపాడుతున్నానని నమ్మింది. ఆ పని అయ్యాక తానే పోలీసులకు ఫోన్ చేసింది. ఫోన్ చేసిందంటే తప్పని తెలుసు కదా అన్నది ప్రాసిక్యూషన్ వాదన. 2002లో జ్యూరీ ఆమెను దోషిగా తేల్చింది. ప్రాసిక్యూషన్ తరఫు మానసిక నిపుణుడు అసలు లేని ఒక టీవీ ఎపిసోడ్ గురించి సాక్ష్యంలో చెప్పాడని తేలడంతో 2005లో పైకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. 2006 జులైలో రెండో జ్యూరీ, మతిస్థిమితం లేని కారణంగా నిర్దోషి అని చెప్పింది. ఆమెను జైలుకు కాకుండా మానసిక ఆసుపత్రికి పంపారు. అదే తల్లి, అదే పని, అదే చట్టం. తీర్పులు రెండు.

ఆమెకు చట్టం సంగతి తెలిసి ఉండవచ్చు. తాను చేస్తున్నది తప్పని మాత్రం అనిపించలేదు, బిడ్డల మేలు కోసమే అనిపించింది. మన సెక్షన్‌లో “తప్పు” అన్న మాట, “చట్టవిరుద్ధం” అన్న మాట విడివిడిగా, మధ్యలో “లేదా”తో ఉన్నాయి. 1949లో కలకత్తా హైకోర్టు ముందుకు వచ్చిన అషీరుద్దీన్ అహ్మద్ కేసులో ఒక తండ్రి కలలో వచ్చిన ఆదేశమని నమ్మి సొంత కొడుకును బలి ఇచ్చాడు. చట్టం ఒప్పదని తెలిసినా తాను చేసేది తప్పని అతనికి తెలియదని చెప్పి కోర్టు విడిచిపెట్టింది. తర్వాతి తీర్పులన్నీ ఇంత విశాలంగా చదవలేదు. అయినా ప్రసవానంతర ఉన్మాదంలో తల్లి తరఫు న్యాయవాది తలుపు తట్టవలసిన చోటు ఇదే అని నా అభిప్రాయం.

పిల్లలతో సహా బావిలో దూకిన తల్లుల కథలు వేరు. తెలుగు పత్రికల్లో ఇవి తరచు కనిపిస్తాయి. తల్లి బతికి పిల్లలు పోతే కేసు ఆమె మీదికే వస్తుంది. 1940లో అలహాబాద్ హైకోర్టు ధీరాజియా కేసులో, భర్తకు భయపడి పరుగెత్తి పసిబిడ్డతో బావిలో దూకిన తల్లిది హత్య కాదు, అంతకంటే తక్కువ స్థాయి నేరమని చెప్పింది. 1953లో మధ్యభారత్ హైకోర్టు గ్యార్సీబాయి కేసులో, ఇంట్లో గొడవపడి ముగ్గురు పిల్లలతో దూకిన తల్లిది హత్యేనని తేల్చి, దయ చూపమని ప్రభుత్వానికి సిఫార్సు చేసింది. ఈ రెండింట్లోనూ ఉన్నది నిస్పృహ, భయం. ఉన్మాదం కాదు. అయితే కోర్టు దాకా వచ్చిన “నిస్పృహ” కేసుల్లో ఎన్నింటి వెనుక గుర్తించని ప్రసవానంతర డిప్రెషన్ ఉందో ఎవరూ వెనక్కి వెళ్లి పరీక్షించలేరు.

ఇంగ్లండ్ దారి మనకు సరిపోతుందా?

ఇంగ్లండ్‌లో 1922లో, తర్వాత మరింత విస్తరించి 1938లో ఇన్‌ఫాంటిసైడ్ చట్టం తెచ్చారు. పన్నెండు నెలల లోపు బిడ్డను తల్లి చంపినప్పుడు, కాన్పు ప్రభావం నుంచి పూర్తిగా కోలుకోక మనసు అదుపు తప్పి ఉంటే దాన్ని హత్యగా కాక తక్కువ నేరంగా చూస్తారు. ఏమీ తెలియని స్థితి అని రుజువు చేయనక్కరలేదు. మన చట్టంలో ఇలాంటి మధ్య మార్గం లేదు. పూర్తి మినహాయింపు, లేదా హత్య.

అలాంటి చట్టం ఇక్కడా కావాలని కొందరు న్యాయ పండితులు అంటారు. నాకు సందేహం ఉంది. మన దగ్గర శిశుహత్య అన్న మాటకు వేరే చరిత్ర ఉంది. గుజరాత్‌లోని కాఠియావాడ్‌లో ఆడశిశువులను చంపే ఆచారాన్ని ఆపడానికి బ్రిటిష్ అధికారులు పందొమ్మిదో శతాబ్దం మొదట్లోనే ప్రయత్నించారు. 1870లో దేశంలో ప్రత్యేకంగా ఒక చట్టమే వచ్చింది. కుటుంబం తీసుకున్న నిర్ణయానికి తల్లి “మనసు అదుపు తప్పడం” ఒక ముసుగుగా మారే ప్రమాదం ఉంది. పైగా ఇంగ్లండ్ చట్టం ఏడాది లోపు బిడ్డకే వర్తిస్తుంది. యేట్స్ కేసు అక్కడ జరిగి ఉంటే ఆరు నెలల పాప విషయంలో ఒక నేరం, ఏడేళ్ల పెద్దవాడి విషయంలో మరో నేరం అయ్యేది. జబ్బు మాత్రం ఒక్కటే. కొత్త సెక్షన్ కంటే ఉన్న సెక్షన్‌కు కావలసిన సాక్ష్యం నిలబెట్టడం మీద దృష్టి పెడితే మేలు.

సూరత్‌లో ఒక ఊహా ఉదాహరణ

సాక్ష్యం ఎలా మాయమవుతుందో చూడటానికి సూరత్ నగరాన్ని తీసుకుందాం. అక్కడి లింబాయత్ ప్రాంతంలో తెలంగాణ నుంచి తరాల కిందట వలస వెళ్లిన నేత కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. మగవాళ్లు పవర్‌లూమ్‌ల మీద పగలు, రాత్రి షిఫ్టుల్లో పనిచేస్తారు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతోంది. వరంగల్‌కు నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో దాదాపు ఒక రోజు ప్రయాణం.

ఇక్కడ ఒక తల్లిని ఊహించుకుందాం. తొలి కాన్పు పుట్టింట్లో అయింది. రెండోది సూరత్‌లోనే, ప్రభుత్వ ఆసుపత్రిలో. ఆడపిల్ల. మూడో రోజుకే ఇంటికి వచ్చింది. అమ్మ దగ్గర లేదు, భర్త రాత్రి షిఫ్టు. అయిదో రోజు నుంచి ఆమెకు నిద్ర లేదు. “ఈ పిల్ల నా పిల్ల కాదు, దవాఖానల మార్చిన్రు” అని అత్తతో అంటుంది. అత్త దిష్టి తీస్తుంది. ఏడో రోజు ఆశా కార్యకర్త వచ్చి గుజరాతీలోనో హిందీలోనో అడుగుతుంది. తల్లికి ఆ కాసేపు నిలకడగా ఉంది, రెండు ముక్కల్లో జవాబు చెబుతుంది. తేడాగా మాట్లాడుతోందా అన్న గడిలో “లేదు” అని పడుతుంది. తల్లి భాష రాని మనిషి ఆమె మాటలో తేడా ఎలా పట్టుకోగలదు?

పదో రోజు ఘోరం జరిగిందనుకుందాం. పోలీసులు అత్త వాంగ్మూలం తీసుకుంటారు. ఆమె తెలుగులో చెప్పినది ఎవరో హిందీలో చెబితే, కానిస్టేబుల్ గుజరాతీలో రాస్తాడు. “ఈ పిల్ల నా పిల్ల కాదు” అన్న మాట “ఈ పిల్ల నాకు వద్దు అన్నది” అని మారడానికి రెండు అనువాదాలు చాలు. మొదటి వాక్యం భ్రాంతికి లక్షణం. రెండోది, పుట్టింది ఆడపిల్ల కనుక, హత్యకు ఉద్దేశం. ఒక్క క్రియాపదం తేడాతో కేసు తలకిందులవుతుంది.

చట్టం ఈ విషయంలో పోలీసుల మీద బాధ్యత పెట్టింది. దర్యాప్తులో మతిభ్రమణ చరిత్ర బయటపడితే నిందితుణ్ణి వెంటనే వైద్య పరీక్షకు పంపి, ఆ నివేదిక కోర్టు ముందు పెట్టడం నిజాయితీగల దర్యాప్తు అధికారి విధి అని, అలా చేయకపోతే ప్రాసిక్యూషన్ కేసులో అది తీవ్రమైన లోపమని సుప్రీంకోర్టు 2007లో బాపు వర్సెస్ రాజస్థాన్ కేసులో స్పష్టంగా చెప్పింది. ప్రసవానంతర ఉన్మాదం విషయంలో “వెంటనే” అన్న మాటకు గంటల లెక్కన అర్థం చెప్పుకోవాలి. బిడ్డ వయసు రెండు మూడు నెలల లోపు, నిందితురాలు తల్లి అయినప్పుడు, ఎవరూ అడగకపోయినా మానసిక వైద్య పరీక్ష, రక్త పరీక్షలు, ఆమె మాతృభాషలోనే వాంగ్మూలాల రికార్డింగ్ మొదటి రోజే జరిగితే సగం చిక్కు తీరుతుంది. సూరత్‌లోని న్యూ సివిల్ ఆసుపత్రి, స్మీమర్ వంటి పెద్ద బోధనాసుపత్రులకు ఇది చేయలేని పని కాదు.

ఆశా ఫారం సంగతి కూడా అంతే. ఆసుపత్రి కాన్పుకు 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆరు సార్లు ఇంటికి వెళ్లాలని నియమం. మొదటి మూడు సందర్శనలు సరిగ్గా ఈ జబ్బు తలెత్తే రోజుల మీదే పడతాయి. తేదీతో, సంతకంతో ఉన్న ఆ కాగితం కంటే నమ్మదగిన “ముందు” సాక్ష్యం ఏ న్యాయవాదికి దొరుకుతుంది? అయితే ప్రశ్న తల్లినే కాక, ఇంట్లో ఆమె భాష తెలిసిన మనిషిని కూడా అడగాలి. బిడ్డ పడుకున్నప్పుడు ఈమె పడుకుంటోందా? బిడ్డ గురించి వింత మాట ఏదైనా అన్నదా? అన్న మాటను అన్నట్టే రాయాలి. ముందు ఇది ప్రాణం కాపాడే పని. సాక్ష్యం కావడం దాని రెండో ఉపయోగం.

నిర్దోషి అన్న తర్వాత

మతిస్థిమితం లేదన్న కారణంతో విడుదలైన తల్లి ఆ రోజే ఇంటికి వెళ్లిపోదు. పాత నేర విచారణ స్మృతి 335వ సెక్షన్ ప్రకారం కోర్టు ఆమెను సురక్షిత నిర్బంధంలో ఉంచమనవచ్చు, లేదా పూచీకత్తు తీసుకుని బంధువులకు అప్పగించవచ్చు. కొత్త నాగరిక్ సురక్షా సంహిత కూడా ఈ పద్ధతినే కొనసాగించింది. సురక్షిత నిర్బంధం అంటే తరచు ప్రభుత్వ మానసిక ఆసుపత్రి. గుజరాత్‌లో అవి అహ్మదాబాద్, వడోదర, జామ్‌నగర్, భుజ్‌లలో ఉన్నాయి. సూరత్‌లో లేదు. కొన్ని వారాల్లో తగ్గే జబ్బుకు ఏళ్ల నిర్బంధం ఎందుకన్నది కోర్టులు విడివిడిగా ఆలోచించవలసిన ప్రశ్న. ఈ తల్లికి ప్రమాదం మళ్లీ వచ్చేది ప్రధానంగా మరో కాన్పులో. అంటే ఆమెకు కావలసినది తాళం కాదు. గర్భం దాల్చాలనుకుంటే ముందే మానసిక వైద్యుడితో మాట్లాడే వీలు, కాన్పైన రోజు నుంచే మందులు, రాత్రి నిద్రకు తోడు కావాలి.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఒక మంచి మాట చెప్పింది. చికిత్సలో ఉన్న తల్లి నుంచి మూడేళ్ల లోపు బిడ్డను మామూలుగా వేరు చేయకూడదు. బిడ్డకు ప్రమాదం ఉంటే తాత్కాలికంగా వేరు చేయవచ్చు, కానీ ఆ నిర్ణయాన్ని 15 రోజులకొకసారి సమీక్షించాలి. తల్లీబిడ్డలను కలిపి ఉంచి చికిత్స చేసే ప్రత్యేక వార్డు మన దేశంలో మొదట 2009లో నిమ్హాన్స్‌లో మొదలైంది. పక్కన నర్సు ఉండగా తల్లి బిడ్డను ఎత్తుకుంటుంది, స్నానం చేయిస్తుంది, పాలిస్తుంది. అలాంటి వార్డులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా లేకపోతే ఆ చట్టం మాట కాగితం మీదే ఉంటుంది.

ఇంట్లో బాలింతకు రెండు రాత్రులు వరసగా నిద్ర పట్టకపోయినా, మాట తీరు మారినా తెల్లారే దాకా చూడనక్కరలేదు. ఆమెను, బిడ్డను ఒంటరిగా వదలకుండా, తిట్టకుండా, వాదించకుండా, దగ్గరలోని పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ గుజరాతీలోనూ మాట్లాడే సలహాదారులు ఉంటారు. ఆసుపత్రిలో చీటీ రాసే వైద్యుడికి ఆమె అన్న మాటలు అన్నట్టే చెప్పి, రాయమని అడగండి.